మన కథల్లో కుర్రవాడి కూలి

పనిచేసే కుర్రవాడి మీద తెలుగులో కథలకు కరువు లేదు. హోటల్లో బల్ల తుడిచేవాడు, మెకానిక్ షెడ్డులో పానాలు అందించేవాడు, బట్టల కొట్టులో విప్పిన చీరల్ని మళ్లీ మడతపెట్టేవాడు మన పత్రికల్లో ఎన్నోసార్లు కనబడ్డారు. వాళ్ల మీద మన రచయితలకున్న సానుభూతిని నేను శంకించడం లేదు. నా అభ్యంతరం ఒక్కటే. ఆ కుర్రవాడికి నెలకు ఎంత ముడుతుందో, పక్కన అదే పని చేసే పెద్దవాడికి ఎంత ముడుతుందో ఈ కథలు చెప్పవు. గ్లాసు పగులుతుంది, చెంప పగులుతుంది, కుర్రవాడు తల్లిని తలుచుకుంటాడు, కథ ముగుస్తుంది.

కొట్టిన యజమాని చెడ్డవాడని పాఠకుడికి తెలుస్తుంది. కొట్టకుండా, ‘నాన్నా’ అని పిలుస్తూ, పండక్కి బట్టలు పెడుతూ సగం జీతమిచ్చే యజమాని మాటేమిటి? ఈ కథల కొలతతో చూస్తే ఆయన ధర్మాత్ముడు. దోపిడీ యజమాని స్వభావంలో ఉందా, జీతాల పుస్తకంలో ఉందా అన్న ప్రశ్న దాకా మన కథ వెళ్లడం లేదు.

నేను ఉద్యోగం చేసే బడి అమీర్‌పేటకు దగ్గర. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్లు, మెస్సులు, టిఫిన్ బండ్లు. కోర్సుల కాగితాలు పంచేది, మెస్సులో పళ్లాలు ఎత్తేది కోర్సు చేరడానికి వచ్చినవాళ్లకంటే నాలుగైదేళ్లు చిన్నవాళ్లు. పంజగుట్ట వైపు నడిస్తే బట్టల దుకాణాలు, నగల దుకాణాలు. పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో అటువంటి ఒక కొట్టులో చేరిన మా విద్యార్థిని జీతమెంతని అడిగాను. “పెద్దోళ్లకిచ్చేదాంట్ల సగం సార్. మీసమొచ్చినంక పూరా ఇస్తనన్నడు సేటు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పని గంటల్లో మీసానికి మినహాయింపు ఉందా అని అడిగితే లేదన్నాడు. తానులు మోయడంలోనూ లేదట.

సేటు నోట వచ్చిన ఆ మాట అతని సొంత కల్పన కాదు. 1948 కనీస వేతనాల చట్టం మూడో సెక్షన్‌లో పెద్దలకు, కౌమార వయస్కులకు, పిల్లలకు, అప్రెంటిసులకు వేర్వేరు కనీస వేతనాలు నిర్ణయించవచ్చని ఉండేది. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివాడు కౌమార వయస్కుడన్న నిర్వచనం 1986లో చేరింది. 1950 నాటి కేంద్ర నియమావళి మరీ విచిత్రం. పెద్దవాడి పనిదినం 9 గంటలు, పిల్లవాడిది నాలుగున్నర. ఈ రెంటి మధ్య ఉన్నవాణ్ని ఏ లెక్కలో వెయ్యాలో ప్రభుత్వం ఆమోదించిన డాక్టరు సర్టిఫికెట్టు చెప్పాలి! ఒక మనిషి బాల్యం ఎక్కడ ముగిసిందో డాక్టరు సంతకంతో తేలే ఆ ఘట్టం ఏ కథకుడి కంటా పడినట్టు నాకు కనబడలేదు. 1976 సమాన వేతన చట్టం స్త్రీ పురుష భేదాన్ని కాదంది, వయసు ఊసెత్తలేదు. శివకాశి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1990లో, అదే పని చేసే పెద్దవాడి కనీస వేతనంలో 60 శాతమైనా వాళ్లకివ్వాలని చెప్పింది. ఏమీ దక్కనిచోట అది మేలే. మిగిలిన 40 శాతం ఎవరి జేబులోకి పోయినట్టు? కుర్రవాడి చెయ్యి పడిందని అగ్గిపెట్టె చవకగా అమ్మలేదు కదా.

మన సాహిత్యంలో ఈ లెక్క వేసినవాళ్లు లేకపోలేదు. చాసో ‘కుంకుడాకు’ చదివినవాడు పొయ్యిలోకి ఆకు ఏరే గవిరి చేసేది పనేనని మరిచిపోలేడు. అయితే నాకు ‘యజ్ఞం’ ఎక్కువ పనికొచ్చింది. కాళీపట్నం రామారావు ఆ కథ నిండా అప్పు లెక్కే నడిపారు. అప్పల్రాముడు తీసుకున్నదెంత, గోపన్నకు రావలసిందెంత, శ్రీరాములునాయుడి తీర్పు ఏమిటి అని పాఠకుణ్ని పంచాయితీలో కూచోబెట్టారు. విసుగుపుట్టేదాకా కూచోబెట్టారని ఫిర్యాదు చేసే విద్యార్థులు నాకు ప్రతి ఏటా తగులుతారు. ఆ విసుగు లేకపోతే చివర సీతారాముడు సొంత కొడుకును నరకడం ఉన్మాదంగా మిగిలేది. లెక్కంతా విన్నాం గనక, పుట్టిన బిడ్డ శ్రమ అప్పటికే తాకట్టులో పడిందని మనకు తెలుసు. ‘యజ్ఞం’లో శిల్పమంటే నాకు కనిపించేది ఆ లెక్కే.

వయసును బట్టి కూలి తగ్గించడం మన వెనకబాటుతనం మాత్రమే అనుకోకూడదు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో 21 నిండినవాడికి గంటకు 12.21 పౌండ్లు, 18 నుంచి 20 వాడికి 10, పద్దెనిమిది లోపువాడికి 7.55. పూర్తి కూలి ఇమ్మంటే కుర్రవాళ్లకు పనే దొరకదని అక్కడి వాదం. ఇక్కడి సేటు వాదమూ అదే. పద్దెనిమిది లోపువాడికి పని దొరకకపోతే నాకేమీ విచారం లేదు; నా తరగతిలో వాడి బెంచీ ఖాళీగా ఉంది. అయితే ఆ సగం జీతం మీదే పొయ్యి వెలిగే ఇళ్లున్నాయి, వాటిని దాటేసి నేను మాట్లాడలేను. యంత్రం రాకతో ఇంటిల్లిపాదీ కూలికెక్కి, ఒక్క మగవాడి శ్రమకున్న విలువ కుటుంబమంతటి మీదా పంచబడిందని మార్క్స్ 1867లోనే వివరించాడు. కుర్రవాడి సగం కూలి కథలో ఆ తండ్రి కూలి కూడా పాత్రగా రావాలి.

2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని వయసు అంతస్తులు అందులో లేవు. కనీస వేతనానికి నైపుణ్యం, ప్రాంతం ప్రధానమైన కొలబద్దలు. సంతోషమే. కానీ 1961 చట్టం కింద చేరిన అప్రెంటిసు ఈ కోడ్ దృష్టిలో ఉద్యోగి కాడు. ఇక ఏ చట్టం కిందా చేరకుండానే ‘ట్రైనీ’ అనిపించుకునేవాడి సంగతి చెప్పనక్కరలేదు. మీసం పోయి నైపుణ్యం వచ్చింది. కొత్తగా రాసేవాళ్లు ఈ మాట వెంట పడాలని నా కోరిక. చెహోవ్ 1886లో రాసిన వాంకా చెప్పులు కుట్టేవాడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన తొమ్మిదేళ్లవాడు. వాడిచేత యజమాని బిడ్డ ఊయల ఊపిస్తారు. ఊపుతూ నిద్రపోయినందుకు కొడతారు. మన రచయితలు ఆ దెబ్బను నేర్చుకున్నారు, ఊయలను వదిలేశారు. అమీర్‌పేట చౌరస్తాలో కాగితాలు పంచే ట్రైనీ ఆ నెలలో ఏ విద్య నేర్చుకున్నాడో, అది నేర్చుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందని యజమాని చెప్పాడో అడిగి రాయండి.