లోపాలనూ రాసిపెట్టే సంప్రదాయం

యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద 1971 నవంబర్ 3 అనే తేదీ ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్రాయ్ పట్టుబట్టి రాయించగా కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కూర్చిన పుస్తకమది. కమాండు ఏదైనా పేజీ తీరు ఒకటే: పేరు, వాడే పద్ధతి, వివరణ, సంబంధిత ఫైళ్లు, ఇంకా చూడాల్సినవి, 'బగ్స్' వంటి భాగాలు. ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో రాసినవాళ్లే చెప్పేసే ఆ 'బగ్స్' భాగమే ఈ సంప్రదాయానికి ప్రాణం.

యాభై ఏళ్లు దాటాక దీని విలువ మళ్లీ తెలిసొస్తోంది. కారణం, బయటి ప్రోగ్రాంలను టూల్స్‌గా వాడుకుంటూ సొంతంగా పనులు చేసే ఏఐ ఏజెంట్లు.

2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడళ్లకు ఇలా టూల్స్ వాడుకునే ఫంక్షన్ కాలింగ్ సౌకర్యం ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్, మోడళ్లను టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. రెండింటిలోనూ ఒక టూల్ గురించి ఏజెంటుకు ముఖ్యంగా అందేవి దాని పేరు, వివరణ, ఇన్‌పుట్లు ఏ రూపంలో ఉండాలో చెప్పే స్కీమా. లోపలి కోడ్ సాధారణంగా కనిపించదు. కొత్తగా చేరిన ఇంజినీరైతే పక్క సీటువాళ్లను అడుగుతాడు, పాత మెయిళ్లు తిరగేస్తాడు. ఏజెంటుకు ఆ వీలు తక్కువ. రాయకుండా వదిలేసినదాన్ని చాలాసార్లు ఊహించుకుని ముందుకెళ్లిపోతుంది.

డబ్బు వ్యవహారమే తీసుకుందాం. చెల్లింపుల సంస్థ రేజర్‌పే ఏపీఐలో మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలంటే 50000. అంతర్జాతీయంగా వాడే స్ట్రైప్‌దీ అదే పద్ధతి. కానీ జపాన్ యెన్‌కు పైసల్లాంటి చిన్న ప్రమాణం వాడుకలో లేదు కాబట్టి అక్కడ 500 అంటే 500 యెన్లే. ఇలాంటి చోట ఒక టూల్‌కు 'రీఫండ్ చేస్తుంది' అని రెండు ముక్కల్లో వివరణ రాసి వదిలేస్తే, కస్టమరుకు 500 రూపాయలు వెళ్లాల్సిన చోట 5 రూపాయలు వెళ్లొచ్చు. మంచి వివరణ ఇలా ఉంటుంది: 'జమ అయిన చెల్లింపులో కొంత గానీ, మొత్తం గానీ కస్టమరుకు తిరిగి పంపుతుంది. మొత్తం పైసల్లో ఇవ్వాలి. 500 రూపాయలకు 50000. ఆర్డర్ నంబర్ కాదు, చెల్లింపు ఐడీ కావాలి. ఒకసారి పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు. చెల్లింపు ఇంకా జమ కాకపోతే ఈ టూల్ వాడవద్దు.' ఇందులో ఎక్కువ విలువైనవి చివరి రెండు వాక్యాలు. పాత మాన్యువళ్లలో 'బగ్స్' చేసిన పని ఇక్కడ అవే చేస్తున్నాయి.

గిట్‌హబ్‌లోని నిజమైన సమస్యలను పరిష్కరించమనే ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ పరీక్ష కోసం ఏజెంటును తయారుచేసేటప్పుడు, ప్రాంప్ట్ కంటే టూల్స్‌ను సరిదిద్దడానికే ఎక్కువ సమయం పట్టిందని ఆంత్రోపిక్ ఇంజినీర్లు 2024 డిసెంబర్‌లో రాశారు. ఏజెంట్ వేరే ఫోల్డరులోకి మారాక, ఆ ఫోల్డరును బట్టి అర్థం మారే ఫైల్ పాత్‌లతో తప్పులు చేసేది. ఎప్పుడూ పూర్తి పాత్ ఇవ్వాలని టూల్‌లోనే నియమం పెట్టగానే ఆ ఇబ్బంది పోయింది. మరోసారి వాళ్ల వెబ్ సెర్చ్ టూల్‌లో మోడల్ అవసరం లేకపోయినా ప్రశ్నకు 2025 అని తగిలించేది. దాన్ని సరిదిద్దింది టూల్ వివరణలో చేసిన మార్పే.

ఎర్రర్ మెసేజీలు, కమాండ్లు తిరిగిచ్చే అంకెలు కూడా డాక్యుమెంటేషనే, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. గ్రెప్ కమాండు వెతికింది దొరికితే 0, దొరక్కపోతే 1, పొరపాటు జరిగితే 2 తిరిగి ఇస్తుంది. దాని మాన్యువల్ పేజీలో అది స్పష్టంగా ఉంటుంది. ఆ తేడా తెలియని ఏజెంట్ 1ని చూసి కమాండే పాడైందనుకోవచ్చు. 'తేదీ చెల్లదు' అనే మెసేజీతో ఎవరికీ ఉపయోగం లేదు. 'తేదీని 2025-04-03 రూపంలో ఇవ్వండి' అంటే ఏజెంట్ మరుసటి ప్రయత్నంలోనే సరిదిద్దుకోగలదు. 03/04/2025 మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4 కదా.

అలాగని పేజీలకు పేజీలు రాయడమూ మంచిది కాదు. మోడల్‌కు అందించే ప్రతి వివరణా అది ఒకేసారి చూడగల కాంటెక్స్ట్‌లో చోటు తింటుంది. టూల్స్ పెరిగేకొద్దీ అసలు పనికి మిగిలే జాగా తగ్గుతుంది. కోడ్ నుంచి యంత్రం తయారుచేసే వివరణలు ఆ కోడ్ ఏం చేస్తుందో బాగానే చెబుతాయి. ఎప్పుడు వాడకూడదో మాత్రం దాన్ని నడిపి దెబ్బతిన్నవాళ్లకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, డల్లాస్‌లోనో సొంత టీం కోసం టూల్స్ రాస్తున్న తెలుగు ఇంజినీర్లు ఈ వారమే ఒక పని చేయొచ్చు. ఎక్కువగా వాడే ఒక టూల్‌ను ఏజెంటుకిచ్చి, అది పంపిన ఇన్‌పుట్లను వరుసగా చదవండి. ఎక్కడ తప్పు ఊహ చేసిందో, వివరణలో అక్కడ ఒక వాక్యం చేర్చండి.