హెమింగ్వే నవలలలో ప్రతీక - స్వానుభవము

1952వ సంవత్సరమున ఎర్నెస్టు హెమింగ్వేను గూర్చి రెండు విమర్శగ్రంథములు వెలువడినవి. ఆ నవలాకారుని రచనకెల్ల మూలము అతడు తొలిప్రాయమున యుద్ధభూమిలో పొందిన గాయమేనని ఫిలిప్ యంగ్ వాదించెను. కార్లోస్ బేకర్ జీవితవిశేషముల కన్న పర్వతము, మైదానము, వర్షము మున్నగు ప్రతీకల అల్లికకు ప్రాధాన్యమిచ్చెను. ఒకరిది అనుభవము, వేరొకరిది ప్రతీక. ఇవి వేర్వేరు దారులుగా కనిపించును గాని, నవలలను దగ్గరగా చూచినచో ఒకటి రెండవదిగా మారిన తీరు తెలియగలదు. ఆ మార్పు జరిగిన చోట హెమింగ్వే గొప్ప రచయిత. జరుగని చోట సామాన్యుడు.

1918 జూలై 8వ తేదీ రాత్రి, ఇటలీలో పియావే నదీతీరమందలి ఫొస్సాల్తా కడ, రెడ్‌క్రాసు సేవకుడుగా నుండిన హెమింగ్వే సైనికులకు చాకొలెట్లు, సిగరెట్లు పంచుచుండగా ఆస్ట్రియనుల మోర్టారు గుండు ప్రేలి అతని కాళ్ళలో 200కు పైగా ఇనుపముక్కలు దిగబడెను. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు నిండలేదు. మిలాన్ ఆసుపత్రిలో ఆగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ అను నర్సును ప్రేమించెను. 1919లో ఆమె ఉత్తరము వ్రాసి ఆ సంబంధమును త్రెంచుకొనెను. 1929నాటి 'ఆయుధములకు వీడ్కోలు' నవలలో గాయము, ఆసుపత్రి, నర్సు అన్నియు ఉన్నవి. కాని నవలలోని కేథరిన్ ఉత్తరము వ్రాసి విడిచిపోదు, ప్రసవానంతరము మరణించును. హెమింగ్వే రెండవ భార్య పాలీన్ 1928లో సిజేరియన్ శస్త్రచికిత్సతో పుత్రుని కని బ్రదికెను. జీవితమందలి ఈ రెండు ఘట్టములలో ఎందును మరణము లేదు. నవలను దినచర్యగా చదువువారికి ఇచ్చటనే దారి మూసుకొనును.

అంతకన్న చిత్రమైన విషయము కపొరెత్తో పలాయనఘట్టము. నవల మొత్తములో దీనిని మించిన భాగము లేదు. బురదలో దిగబడిన బండ్లు, దారి తప్పిన సైన్యము, తమ అధికారులనే పట్టి కాల్చుచున్న రక్షకభటులు, ఇవన్నియు కన్నులార చూచినవాడు వ్రాసినట్లే ఉండును. అయితే ఆ పలాయనము 1917 అక్టోబరులో జరిగినది. అప్పుడు హెమింగ్వే అమెరికాలో 'కాన్సస్ సిటీ స్టార్' పత్రికలో క్రొత్తగా చేరిన విలేఖరి. ఇటలీ ముఖమైనను చూడలేదు.

మరి ఆ బురద ఎక్కడిది? 1922లో టొరాంటో పత్రిక విలేఖరిగా అతడు గ్రీసు-తురుష్క యుద్ధవార్తలు సేకరింపబోయి, తూర్పు థ్రేసును విడిచి తరలిపోవుచున్న గ్రీకు జనమును చూచెను. పశువులు, బండ్లు, సామానులు, ఎడతెగని వాన. ఆ వానలో ఒక బండిపై ఒక స్త్రీ ప్రసవవేదన పడుచుండగా ఆమె భర్త పైన కంబళి పట్టియుండెననియు, చిన్నకూతురు చూచి భయముతో ఏడ్చెననియు అతడు పంపిన వార్తలో నున్నది. పలాయనము, వర్షము, ప్రసవము ఈ మూడును ఆ ఒక్క బాటపై కలిసియున్నవి. ఏడేండ్ల తరువాత అవే నవలకు వెన్నెముక అయ్యెను. మొదటి అధ్యాయమున వానతోపాటు కలరా వచ్చును. తాను వానలో చచ్చిపడియున్నట్లు అప్పుడప్పుడు కనబడునని కేథరిన్ భయపడును. చివర ఆమె మరణించిన ఆసుపత్రి నుండి ఫ్రెడరిక్ హెన్రీ వానలో నడచిపోవును. మృత్యువునకు వర్షము చిహ్నమని రచయిత ఎచ్చటను ప్రకటింపడు. మన ఆలంకారికులు వాచ్యమునకు మీదుగా స్ఫురించు అర్థమును ధ్వని యనిరి. ఇచ్చటి వాన ముందు నిజముగా తడుపును. అర్థము ఆ తరువాత స్ఫురించును.

పర్వతము శాంతికి, మైదానము వినాశనమునకు ప్రతీకలన్న బేకరు సిద్ధాంతము ఇంత గట్టిది కాదు. ఆ కొండలలోను యుద్ధము సాగుచునే యున్నది గదా! 1956లో ఇ. ఎమ్. హాలిడే దీనిని ప్రశ్నించుట సమంజసమే.

1950నాటి 'నది దాటి చెట్లలోనికి' నవలలో మరల ఫొస్సాల్తా వచ్చును. ముసలి కర్నలు తాను గాయపడిన చోటునే వెదకి, అచ్చట పదివేల లీరాల నోటు పాతిపెట్టును. గాయము మారలేదు, స్థలము మారలేదు, కావుననే అది క్రతువుగా మిగిలిపోయినది. పాఠకునకు అందులో పాలు లేదు.

రెండేండ్లకు వచ్చిన 'ముసలివాడు - సముద్రము' కథాబీజము రచయిత స్వానుభవము కాదు. క్యూబా జాలరుల నోట విన్నది. 1936లో 'ఎస్క్వయిర్' పత్రికలో అతడు దానిని కొలది వాక్యములలో చెప్పియుండెను. ఒంటరి జాలరికి తగిలిన మార్లిన్ చేప అతని పడవను దూరసముద్రమునకు లాగికొనిపోయెను. సొరచేపలు సగమునకు మించి తినివేసెను. ఇతర జాలరులు కనుగొనునప్పటికి ముసలివాడు పడవలో ఏడ్చుచుండెను. నవలలో ఆతనిని ఎవ్వరును రక్షింపరు. తనంత తానే ఒడ్డు చేరును. చేపకు అస్థిపంజరమే మిగులును. సాంటియాగో ఏడువడు, ఆతని చేతులు చూచి పిల్లవాడు మానొలిన్ ఏడ్చును. పదునారేండ్ల కాలమున జరిగిన పని ఇదియే: కన్నీరు ఒకరి కంటి నుండి మరొకరి కంటికి మారినది. దానితో ఓడినవాని కథ శిష్యుడు చూచిన గురువు కథయైనది.

ఇందు క్రీస్తు ప్రతీకను వెదకినవారు పెక్కురు. హెమింగ్వే మాత్రము ఆ యేడు బెరెన్సనుకు వ్రాసిన లేఖలో ప్రతీకలేమియు లేవనెను. ఆ మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు. తెరచాపకొయ్యను భుజమున మోయుచు పడుచు లేచుచు ఇల్లు చేరుట జాలరి నిత్యకృత్యమునకు అతికియే యున్నది. సిలువ స్ఫురించినను స్ఫురింపకున్నను ఆ దృశ్యము నిలుచును. సొరచేపలను చూచి ముసలివాడు చేసిన శబ్దమును అరచేతిలో మేకు దిగిన మనిషి కేకతో పోల్చిన చోట మాత్రము రచయిత చేయి బయటపడినది. ఆ వాక్యము తీసివేసినచో కథకు లోటు రాదు. సింహముల కల తీసివేసినచో వచ్చును. 1933-34లలో ఆఫ్రికాలో వేటాడిన హెమింగ్వే, ఈ కథలో సింహములను వేటకు పెట్టలేదు. సంధ్యవేళ సముద్రపుటొడ్డున పిల్లికూనలవలె ఆడుకొననిచ్చెను. అన్నియు పోయిన తరువాత కూడ ముసలివాడు వానినే కలగనుచుండ, పిల్లవాడు ప్రక్కన కూర్చుండి చూచుచుండును.