మన గోడబొమ్మను ఎలా చూడాలి?

చిన్నప్పుడు నాకు బొమ్మల పిచ్చి. హాస్టల్లో పాత చందమామ దొరికితే కథ సంగతి తర్వాత, ముందు అట్ట మీది బొమ్మ చూసేవాణ్ణి. మూలన ‘వపా’ అని సంతకం ఉండేది. ఆయన వడ్డాది పాపయ్య గారని, 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారని తర్వాత తెలిసింది. ఆ ముఖాలను నోటుపుస్తకం వెనక పేజీల్లో దించేవాణ్ణి. ‘అచ్చం అలాగే దింపేశావురా’ అని పక్కవాడు అంటే ఆ పూట అన్నం కూడా గుర్తుండేది కాదు. బొమ్మ బాగుండడం అంటే అచ్చంగా ఉండడమే అని నాకు నాటుకుపోయింది.

సెలవులకు గూడకు వెళ్తే మా తాత ఇంటి లోపలి గోడ మీదా బొమ్మ ఉండేది. ఎర్రమట్టి అలికి, వెదురుపుల్ల కొస నలగ్గొట్టి, బియ్యప్పిండి నీళ్లతో గీసింది. ‘తాతా, ఏనుగు కాళ్లు ఇలా ఉండవు’ అన్నాను ఒకసారి. ఆయన కోప్పడలేదు. ‘అది నువ్వు చూడ్డానికి గీసింది కాదురా, వాళ్లు ఉండడానికి’ అన్నాడు. వాళ్లంటే చనిపోయిన మా పెద్దలు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

సవరలు ఇడితాల్ అనే ఈ బొమ్మ ఒక ఇల్లు. ముందు చుట్టూ చట్రం గీస్తారు. తర్వాత లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. ఇంట్లో జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, పెద్దలకు గుర్తుగా గీయిస్తారు. పెద్దలకు ఏం కావాలో పూజారి అడిగి చెబుతాడు. ఏదైనా తక్కువైతే మళ్లీ గీస్తారు. అంటే ఈ బొమ్మకూ మంచి చెడ్డలున్నాయి, తప్పొప్పులున్నాయి. కాకపోతే ఏనుగు కాలు సరిగ్గా ఉందా అన్నది అక్కడి ప్రశ్న కాదు. పెద్దాయనకు ఎక్కడానికి ఏనుగు పెట్టామా లేదా అన్నది ప్రశ్న.

ఇలా అన్నానని వపా గారిని తక్కువ చేయడం లేదు. నిజానికి నా కొలత ఆయనకూ సరిపోదు. ఆయన గీసిన స్త్రీల కళ్ల లాంటి కళ్లు, ఆ వేళ్ల వంపు మనం ఏ సంతలో చూశాం? ఆయన తన మనసులోని లోకాన్ని గీశారు. నేను మెచ్చుకున్నది ఆయననే, కానీ మెచ్చుకోవడానికి చెప్పుకున్న కారణం తప్పు.

మన బొమ్మ మారకుండా నిలిచిపోయిన పాత ఆచారం అనుకునేవారూ ఉన్నారు. వెరియర్ ఎల్విన్ ఒడిశా కొండల్లో సవర ఊళ్లు తిరిగి ఈ బొమ్మల గురించి రాశాడు. 1951లో వచ్చిన ఆయన పుస్తకం మధ్య భారతపు గిరిజన కళల మీద. అప్పటికే సవర గోడ మీదికి రైలు, సైకిలు, విమానం వచ్చేశాయి. బతికున్నవాళ్లకు కొత్తగా ఏది కనిపిస్తే అది పెద్దలకూ పంపారు. ఇంతకంటే ధైర్యమున్న చిత్రకారులు ఎవరు?

ఇప్పటి సంగతి చూద్దాం. కాన్వాసు మీద, గుడ్డ మీద సవర బొమ్మలు అమ్ముడవుతున్నాయి. గీసినవాళ్లకు నాలుగు డబ్బులు రావడం మంచిదే. కానీ చాలాచోట్ల ఒకే నాట్యపు వరస, అవే చెట్లు. గోడ మీది బొమ్మ ఒక ఇంటిది, ఒక మనిషి కోసం గీసింది. అమ్మే బొమ్మలో ఆ ఇల్లు పోయింది. ఇంకో పొరపాటు మన బడి గోడల మీదే కనిపిస్తోంది. సవర బొమ్మ అని చెప్పి మహారాష్ట్ర వార్లీ బొమ్మ వేస్తున్నారు. మొండెం రెండు త్రికోణాలై, మొనలు నడుం దగ్గర కలిస్తే అది వార్లీ. మన బొమ్మలో ఒళ్లు అంత కోణంగా ఉండదు, కాస్త సాగి ఉంటుంది. వార్లీ గొప్ప కళే. జివ్యా సోమా మాషేకు 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని మెచ్చుకుందాం, పిల్లలకు చూపిద్దాం. కానీ ఆయన బొమ్మకు మన పేరు పెడితే ఇద్దరికీ అన్యాయమే.

ఈ మాటలు రాయడానికి నాకు ఒక బాకీ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడు చట్రం గీసి, లోపల మోటారు సైకిలు, సెల్ టవరు, చేతులు పట్టుకున్న మనుషుల్ని పెట్టి తెచ్చాడు. ‘ఇదేం బొమ్మరా, చెరిపేసి తామరపువ్వు వెయ్’ అన్నాను. వాడు చెరిపేశాడు. బడి అయ్యేదాకా మళ్లీ నాకు బొమ్మ చూపించలేదు. తాతను అడిగిన పిల్లాడే మాస్టారై అదే మాట అన్నాడు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు నా మనవి. మార్కు వేసే ముందు ‘ఇది ఎవరిల్లు? ఇందులో ఎవరున్నారు?’ అని పిల్లల్ని అడగండి. గూడలో గీసేవాళ్లుంటే ఒక పూట బడికి పిలవండి. ఏది బడి గోడ మీద వేయొచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో వాళ్లనే అడగండి. చందమామ బొమ్మలూ పక్కనే పెట్టండి. పిల్లలు రెండూ చూడనీ.