ఫాల్‌స్టాఫ్: అంగము అంగియైన తీరు

షేక్స్పియరు 'నాలుగవ హెన్రీ' రెండు భాగములందును ప్రధానవస్తువు రాజ్యము. యువరాజగు హాల్ దుస్సాంగత్యమును విడిచి సింహాసనమునకు అర్హుడగుటయే కథ. త్రాగుబోతు, అప్పులవాడు, అబద్ధాలకోరు అయిన సర్ జాన్ ఫాల్‌స్టాఫ్ అందు హాస్యమునకై ప్రవేశించి, ప్రేక్షకుల మనస్సులను దోచుకొని, తుదకు బహిష్కృతుడగును. వీరము అంగి, హాస్యము అంగము.

1966లో కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడిన ఆర్సన్ వెల్స్ చిత్రము 'చైమ్స్ ఎట్ మిడ్‌నైట్' ఈ క్రమమును తలక్రిందు చేసినది. 'రెండవ రిచర్డు', 'అయిదవ హెన్రీ', 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్' నాటకములనుండి గైకొన్న పలుకులను గూడ చేర్చి, హోలిన్షెడ్ చరిత్రనుండి వ్యాఖ్యానము కూర్చి, వెల్స్ తానే ఫాల్‌స్టాఫ్ వేషము ధరించెను. 1939 నాటి 'ఫైవ్ కింగ్స్', 1960లో బెల్ఫాస్టు, డబ్లిను నగరములలో ఆడిన నాటకము దీనికి పూర్వరూపములు.

ఈ కూర్పు వట్టి సంక్షేపము గాదని చూపుటకు రెండు తావులు చాలును. రెండవ భాగము తృతీయాంకమున ఫాల్‌స్టాఫ్, షాలో అను ముసలివారు తమ యౌవనమును నెమరువేసికొందురు. నాటకమున నది నవ్వు పుట్టించు ప్రగల్భము. వెల్స్ దానిని చిత్రారంభమునకు దెచ్చుటచే, తరువాతి నవ్వులన్నిటిపైనను వార్ధక్యచ్ఛాయ పడినది. 'అయిదవ హెన్రీ'లో రాజు, త్రాగినమైకమున తన్ను దూషించిన యొక యనామకుని విడిపింపుమనును. చిత్రమున నా యనామకుడు ఫాల్‌స్టాఫే. పిమ్మట మనకు గానవచ్చునది అతని శవపేటిక. మాట మారలేదు; లక్ష్యము మారినది. క్షమ ఆలస్యమై, హాస్యము కరుణమున లీనమైనది.

ఈ లాభమునకు మూల్యము లేకపోలేదు. నాటకమున ఫాల్‌స్టాఫ్ లంచము గొని బలవంతులను విడిచి, దీనులను సేనలో చేర్చును. ష్రూస్‌బరీ రణమున తన నూటయేబదిమందిలో ముగ్గురైనను మిగులలేదని తానే చెప్పును. అతని బహిష్కారమునకు న్యాయమిచ్చునది ఈ ఋణమే. వెల్స్ దృష్టిలో ఫాల్‌స్టాఫ్ ప్రధానముగా సజ్జనుడు. బురదలో మనుష్యులు ఒకరినొకరు చంపుకొను ఆ యుద్ధదృశ్యము అపరాధభారమును రాజులపై మోపి, వంచకుని దోషమును అల్పము చేసినది.

మన గిరీశమును తలచిన నీ భేదము స్పష్టమగును. 1909 నాటి 'కన్యాశుల్కము'న సౌజన్యారావు అతనిని పొమ్మన్నపుడు మనకు శోకము కలుగదు. బుచ్చమ్మ బ్రతుకు మన కన్నులయెదుట నున్నది గదా. కావున వంచకుని కేంద్రముగా గొన్న రూపాంతరమునకు, వంచితుల గొంతు వినిపించెనా యనునదే పరీక్షయని మా యభిప్రాయము. ఫాల్‌స్టాఫ్‌కు అప్పిచ్చి నష్టపోయిన క్విక్లీయే, మార్గరెట్ రూథర్‌ఫర్డ్ కంఠమున, అతని మరణమును వర్ణించును. వంచితురాలే దుఃఖించుటచే నా శోకము మనకు విశ్వసనీయమైనది. ఇంతవరకు చిత్రము కృతార్థము. తిరిగిరాని యా నూటయేబదిమంది పక్షమున మాత్రము పలుకువారు లేరు. వారిని మరువకుండుటకు మనము మరల నాటకమును చదువవలసినదే.