గేదె ఊరుకోదు

ఈ వారం ఓ కరపత్రం నా ఒళ్లు మండించింది. నగర శివారు రిసార్టులో మూడు రోజులు చెట్ల మధ్య నడిపించి తాగుడు మాన్పిస్తారట. నా చెట్ల పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కాలనీలో నిద్రగన్నేరు కొట్టేసినప్పుడు రాసినదానికి తిట్లూ తిన్నాను. అయినా మండింది. మా మేనమామకు ప్రకృతితో బంధం మొదలైందే తాటితోపులో. తెల్లవారుజామున తియ్యగా దిగిన నీరా పొద్దెక్కేసరికి ఎవరూ ఏమీ కలపకుండానే కల్లవుతుంది. అదీ ప్రకృతేగా!

చెట్లను వెనకేసుకొచ్చే అలవాటు కొద్దీ 'ర్యాట్ పార్క్' ప్రయోగం తిరగేశాను. 1970ల చివర్లో కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం చేసింది. ఒంటరి బోనుల్లోని ఎలుకలు మార్ఫిన్ కలిపిన నీళ్లు తెగ తాగాయి. విశాలమైన చోట ఆడామగా కలిసి బతికినవి అంతగా ముట్టలేదు. తర్వాత చేసినవాళ్లందరికీ ఆ ఫలితం రాలేదనుకోండి. నన్ను పట్టుకున్నది వేరే సంగతి: ఆ పార్కు ప్లైవుడ్ గోడల మీద అడవి బొమ్మ వేశారు. ఎలుకలకు అక్కరకొచ్చింది ఆ చెట్లు కావు, పక్కనున్న ఎలుకలు.

మామయ్య సంగతికొస్తాను. ఏళ్ల తరబడి తాగినవాడు ఉన్నపళంగా మానేస్తే చేతుల వణుకుతో పోదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ గండం ఆయనకు ఆసుపత్రిలో, డాక్టరు చేతుల్లో గడిచింది. అక్కడ చెట్ల పాత్రేమీ లేదు. అసలు కష్టం ఇంటికొచ్చాక, సాయంత్రాలతో. అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి పాడిగేదెను కొంది. తోపు పిలిచే వేళే గేదె కూడా పిలిచేది. కుడితి పెట్టాలి, గడ్డి వెయ్యాలి, దూడను వదలాలి, పాలు తియ్యాలి. ఆలస్యమైతే వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. ఆ పైన పాలకేంద్రం దగ్గర వరుస, వెన్న శాతం మీద తగాదాలు, చీకటి పడేదాకా కబుర్లు. ఇంటికొచ్చేసరికి ఆకలి, నిద్ర.

"కాలవగట్టు గాలికి మనసు కుదుటపడేదా మామయ్యా?" అని మొన్న అడిగాను, నా వాదం ఎంతోకొంత నిలబెట్టుకుందామని.

"గాలేమిట్రా అల్లుడూ! ఒక్కపూట నా క్యాను కేంద్రానికి రాకపోతే, వీడు మళ్లీ మొదలెట్టాడని సగం ఊరు గుమ్మంలో ఉండేది."