గుమ్మం దాకా రాని చీర

"బయటికి తీసుకెళ్లకూడదు మేడమ్, సెక్యూరిటీ ఒప్పుకోరు."

ఈ వారమంతా నా చెవిలో మోగుతున్న మాట ఇది. నాలుగంతస్తుల చీరల షోరూమ్, పట్టుచీరలు మూడో అంతస్తులో. కిటికీలున్న గోడకి లోపలివైపు నిలువెత్తున ప్లైవుడ్ కొట్టి, అరలు పెట్టేశారు. అక్క కూతురి పెళ్లికి చీర చూస్తున్నాం. మిరపపండు ఎరుపు, నెమలికంఠం అంచు. ఆ ఎరుపు మీద నాకు నమ్మకం కుదరలేదు. వెలిసినట్టు, కాస్త ఇటుకరంగు వైపు పోతున్నట్టు కనిపించింది. ఒక్కసారి గుమ్మంలోకి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూసుకుంటానన్నాను. కుదరదన్నారు. చీరలు పరిచే అమ్మాయి సాయం చేద్దామని ఫోను టార్చి వేసి, "ఇప్పుడు చూడండి మేడమ్, క్లియర్‌గా ఉంది" అంది. పాపం, మనసు మంచిదే. కానీ ఆ టార్చిలో ఉన్నదీ ఎల్‌ఈడీయే, పైనున్న లైట్లలో ఉన్నదీ ఎల్‌ఈడీయే. పైవాటిలో లేని ఎరుపు కిందదానిలో ఎక్కణ్ణుంచి వస్తుంది?

మనవాళ్లకి బట్ట కొనడమంటే సగం పని గుమ్మంలోనే. నిలువెండలో కాదు, నీడపట్టున నిలబడి, కొంగుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. షాపువాళ్లే "అలా బయట చూసుకోండమ్మా" అని చీర చేతికిచ్చేవారు. ఏసీ వచ్చి తలుపులు మూసుకున్నాక ఆ మర్యాద పోయింది. పోయినా నష్టం ఉండేది కాదు, లోపలున్న లైట్లు ఆ పని చేయగలిగితే.

లైట్ల గురించి నేను ఎత్తుకుంటే ఆపనని పాత పాఠకులకి తెలుసు. పూజగదిలో నీలంగా కొట్టే తెల్ల బల్బు వద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోరానో. ఈసారి సంగతి వేరు.

మనం వాడే తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది తెల్ల దీపం కాదు, నీలం దీపం. జపాన్‌లో షుజీ నకమురా 1993లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ చేసి చూపించాడు. ఆ దారిలో ఆయనకంటే ముందు నడిచిన అకసాకి, అమానోలతో కలిపి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆ నీలం మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత వేస్తారు. కొంత నీలం పూతలో ఇంకి పసుపుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికొస్తుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. కన్ను అంతటితో తృప్తి పడుతుంది. బట్ట అలా కాదు. తన మీద పడిన కాంతిలో ఉన్నదాన్నే అది తిరిగి ఇవ్వగలదు. చవక బల్బు కాంతిలో చిక్కటి ఎరుపు చాలా తక్కువ. కుంకుమరంగు చీర మీద ఆ వెలుతురు పడితే, తిరిగి పంపడానికి దాని దగ్గర ఏముంటుంది? పాత ఫిలమెంటు బల్బు కరెంటు తాగేసేది నిజమే కానీ, ఎరుపుకి లోటు చేసేది కాదు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 6500 కెల్విన్ అనో, 3000 అనో ఉంటుంది. అది ఆ వెలుతురు తెల్లగా ఉందా, పసుపుగా ఉందా అన్నంత వరకే చెబుతుంది. రంగుల గురించి ఒక్క ముక్క చెప్పదు. రెండు బల్బులూ 6500వే అయి, సున్నం గోడ మీద ఒక్కలాగే వెలిగి, టమాటాల బుట్ట మీద పడేసరికి వేటి దారి అవి పట్టవచ్చు. ఆ సంగతి చెప్పేది సీఆర్ఐ అనే అంకె. ఉంటే డబ్బాకి ఓ పక్కన చిన్నగా ఉంటుంది. అంతర్జాతీయ కాంతి సంఘం సీఐఈ 1965లో తెచ్చి, 1974లో సవరించిన కొలత అది. నూరు పూర్తి మార్కులు. మామూలు బల్బుకి 80 ఉంటే మంచిదే అంటారు. కానీ ఆ 80 ఎనిమిది లేత రంగుల సగటు. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, ఆర్9 అంటారు, సగటులోకి రాదు. పిల్లాడు తప్పిన సబ్జెక్టుని మార్కుల కాగితంలోంచే తీసేసి సగటు చూపించినట్టన్నమాట. అందుకే 80 అని ధీమాగా వేసుకున్న బల్బుకి ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు.

కంపెనీలకి ఎరుపు మీద పగేమీ లేదు. మన కంటికి చిక్కటి ఎరుపు మసకగానే ఆనుతుంది. అందుకని బల్బులో ఎరుపు పెంచితే వాట్‌కి వచ్చే ల్యూమెన్లు, అంటే కంటికి ఆనే వెలుగు కొలత, తగ్గుతాయి. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నక్షత్రాలు ఇచ్చేది ఆ ల్యూమెన్ల లెక్క చూసే. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు దేశమంతా పంచారు, ఇళ్లలో కరెంటు బిల్లు తగ్గింది. మా ఇంట్లోనూ తగ్గింది. ఆ మేలు చిన్నది కాదు. కాకపోతే ఆదా చేసే బల్బు అంటే ఏమిటో దేశమంతా నేర్చుకున్న రోజుల్లో, రంగు చూపించే బల్బు అంటే ఏమిటో ఎవరూ నేర్పలేదు.

బాబాయి ఉంటే ఏమనేవాడో.

బాబాయి మీకు కొత్త కాదు. కత్తెర సాన పట్టించడం మీద రాసినప్పుడు వచ్చాడు, రాజమండ్రిలో మ్యాచింగ్ సెంటర్ ఆయనది. గోడకి నేల నుంచి కప్పు దాకా టూ బై టూ రూబియా తానులు. ఆకుపచ్చలే ఒక నిలువు వరస: తమలపాకు, చిలకపచ్చ, లేత మామిడాకు, సీసాపచ్చ. ఉల్లిపొట్టు రంగుకి గులాబీల పక్కన చోటిచ్చేవాడు. గచ్చకాయ రంగుని బూడిద రంగుల చివర పెట్టేవాడు. ఆడవాళ్లు కవర్లోంచి చీర తీసి బల్ల మీద పెట్టేలోపే ఆయన చెయ్యి పైకి వెళ్లి మూడు తానులు దించేది. అంతవరకూ లోపలి పని. ఎంచే పని గుమ్మంలో.

షాపు ఉత్తరం ముఖం. ఎండ నేరుగా పడదు, పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురు పెద్దగా మారదు. అద్దె ఎక్కువైనా ఆ షాపు వదల్లేదు. చీర అంచుని మడిచి, జాకెట్టు గుడ్డని దానికి ఆనించి పెట్టేవాడు, మధ్యలో వెంట్రుకవాసి సందు ఉండకూడదు. సందు ఉంటే కన్ను చిన్న తేడాని పట్టుకోలేదు. కాసేపు చూసి, తల తిప్పి ఎదురుగా ఉన్న సిమెంటు గోడని చూసేవాడు. మళ్లీ గుడ్డ వైపు తిరిగేవాడు. ఎరుపుని అదేపనిగా చూస్తే కన్ను అలిసిపోయి ఎరుపులన్నీ ఒకటే అనిపిస్తాయని, వరసగా రెండు ఎర్రచీరలు వస్తే రెండోవాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించేవాడు. షాపులో ఎప్పుడూ తెల్లచొక్కాయే. రంగు చొక్కా వేసుకుంటే దాని ఛాయ గుడ్డ మీద పడుతుందట. పెద్ద పెద్ద రంగుల లేబొరేటరీల్లో బూడిదరంగు కోట్లు వేసుకుంటారని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. పొద్దువాలితే రంగు చూడనని చెప్పేసేవాడు. "రేపు పొద్దున్నే రండమ్మా" అంటే విసుక్కుని పక్క షాపుకి పోయినవాళ్లున్నారు. పోతే పోనిచ్చేవాడు.

ఒకసారి వంకాయరంగు పట్టుచీర వచ్చింది. గుమ్మంలో చూసి, అంచుకి ఆనించి, అతికినట్టు సరిపోయిన గుడ్డ ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆవిడ వెనక్కి వచ్చింది. "పగలు బాగానే ఉంది అన్నయ్యగారూ, రాత్రి పెళ్లిలో జాకెట్టొక్కటీ ఎర్రగా కొట్టింది, అందరూ అడిగారు." ఆయన ఆవిడతో వాదించలేదు. చీరనీ, జాకెట్టునీ వెనకగదిలోకి తీసుకెళ్లి అరవై వాట్ల బల్బు కింద పెట్టాడు. ఆవిడ చెప్పింది నిజమే. పట్టుకి వేసిన రంగులు వేరు, నూలుకి వేసిన రంగులు వేరు. రెండూ వేరువేరు పాళ్లలో కలిసి, పగటి వెలుతురులో మాత్రం ఒక్కటిగా కనిపించాయి. వెలుతురు మారగానే విడిపోయాయి. మెటామెరిజం అంటారు దీన్ని. ఆ పేరు బాబాయి విని ఉండడు. ఆ రోజు నుంచి మాత్రం తాను దించేముందు ప్రతి ఒక్కరినీ ఒక మాట అడిగేవాడు: "పెళ్లి పగలా, రాత్రా?" రాత్రి అంటే గుమ్మంలో చూశాక వెనకగదిలోనూ చూసేవాడు. రెండుచోట్లా నిలబడిన గుడ్డే కోసిచ్చేవాడు.

ఇంతకాలం నేను బాబాయి గుమ్మం గురించే చెబుతూ వచ్చాను. ఈ వారం షోరూమ్ మెట్లు దిగుతుంటే ఆ వెనకగది గుర్తుకొచ్చి, నా కోపం సగం వేరే దారి పట్టింది. పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటాక. ఆ చీర మీద పగటి వెలుతురు పడేది ఏ అప్పగింతల వేళకో. గుమ్మంలో కనిపించే ఎరుపే అసలు ఎరుపు, మిగతావన్నీ మోసం అని నేనెందుకు పట్టుబట్టాలి?

సీఆర్ఐ లెక్కలోనే ఈ ప్రశ్న దాగి ఉంది. ఏ బల్బునైనా దాని కెల్విన్ దగ్గరే ఉన్న మరో వెలుతురుతో పోలుస్తారు. 5000 కెల్విన్ లోపైతే ఫిలమెంటు తరహా వెలుతురుతో, పైనైతే పగటి వెలుతురుతో. ఆ లెక్కన నూనెదీపానికి నూటికి నూరు దగ్గర మార్కులొస్తాయి. కానీ దీపం ముందు కూర్చుని ముదురు నీలం దారాన్నీ నల్లదారాన్నీ విడదీయమనండి, కష్టం. నూరు మార్కులంటే అన్ని రంగులూ కనిపిస్తాయని కాదు, ఆ జాతి వెలుతురులో కనిపించాల్సినట్టు కనిపిస్తాయని. 2015లో అమెరికా కాంతి ఇంజనీర్ల సంఘం టీఎం-30 అనే కొత్త కొలత తెచ్చింది. ఎనిమిదికి బదులు 99 రంగులు, ఒక అంకెకి బదులు రెండు: రంగు ఎంత నమ్మకంగా కనిపిస్తోంది, ఎంత నిండుగా కనిపిస్తోంది అని. నమ్మకంగా ఉన్నదే నచ్చాలని లేదు, ఎరుపు కాస్త నిండుగా ఉంటేనే చాలామందికి బాగుంటుంది. బంగారం కొట్లో పసుపు వెలుతురు, వజ్రాల బల్ల మీద తెల్ల వెలుతురు పెట్టేవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు.

కాబట్టి షోరూమ్‌ల వాళ్లని నేను గుమ్మం అడగను. బట్టల మిల్లుల్లో లైట్ బాక్స్ అని ఉంటుంది. బూడిదరంగు గోడల పెట్టె, పైన స్విచ్చులు. ఒకటి నొక్కితే డి65 అనే పగటి వెలుతురు, ఇంకోటి నొక్కితే దుకాణాల ట్యూబులైటు, మరోటి నొక్కితే ఫిలమెంటు. అతినీలలోహితానికి కూడా ఒక స్విచ్చు. తెల్లబట్టకి వేసే వైట్‌నర్ ఎండలోని ఆ కిరణాలతోనే మెరుస్తుంది. మామూలు ఎల్‌ఈడీలో అవి దాదాపు ఉండవు కాబట్టి పెళ్లికొడుకు తెల్లపంచె లోపల ఒకలా, బయట ఒకలా ఉంటుంది. వేలకి వేలు పెట్టి పట్టుచీర కొనేవాళ్లకి అంతస్తుకి ఒక పెట్టె పెట్టడం ఆ వ్యాపారానికి భారం కాదు. కళ్యాణమండపాల్లో ఎరుపు, పచ్చ, నీలం చిప్పులతో రంగులు మార్చే లైట్ల కింద మాత్రం ఎవరూ ఏ మ్యాచింగుకీ హామీ ఇవ్వలేరు. కనీసం తాళి కట్టే వేళకైనా వాటిని ఆపించండి.

ఇంట్లో బల్బులన్నీ మార్చమని నేననను. వరండాకి, మెట్లకి ఏదైనా చాలు. అద్దం ముందు, వంటగట్టు మీద, కుట్టుమిషను దగ్గర మాత్రం సీఆర్ఐ 90కి తగ్గకుండా, ఆర్9 కనీసం 50 ఉన్నది అడిగి కొనండి. పసిబిడ్డకి పచ్చకామెర్లేమోనన్న అనుమానం వస్తే ఏ బల్బునీ నమ్మకండి, పగటి వెలుతురులో చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడకి ఈ ఆదివారం రెండు హోల్డర్లు పెట్టించాం. ఒకదాన్లో 6500, ఇంకోదాన్లో 2700, రెండూ తొంభై దాటినవే. "చీర తెచ్చినప్పుడు ముందు ఏ స్విచ్చు వెయ్యాలండీ?" అని అడిగింది. అది ఎక్కడ, ఏ వేళప్పుడు కట్టుకుంటారో ముందు కనుక్కోమన్నాను.