మనుషులు లేని ఎడారి ఎవరిది?

అమెరికా రచయిత ఎడ్వర్డ్ యాబీ రాసిన 'డెజర్ట్ సాలిటేర్' 1968లో అచ్చయింది. ఎడారిలో ఏకాంతం అని దాని అర్థం. యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ అనే ఎర్రరాతి నేలలో 1956, 57లలో రేంజరుగా పనిచేసిన అనుభవమే ఈ పుస్తకం. ప్రకృతిని ప్రేమించేవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. మేము ఆదివాసీ పాఠకులుగా చదివాం. మెచ్చుకోవలసినది ఉంది, నిలదీయవలసినదీ ఉంది.

జాతీయ పార్కుల్లోకి కార్లు రానివ్వకూడదంటాడు యాబీ. నడిచి రండి, గుర్రమెక్కి రండి, సైకిలు తొక్కి రండి అంటాడు. ప్రార్థనా మందిరంలోకి కారు తోలనివాళ్లు కొండకు ఆ మర్యాద ఎందుకివ్వరని అడుగుతాడు. ఒకరోజు రోడ్డు సర్వే ఇంజినీర్లు జీపులో వచ్చి వెళ్తారు. ఆ రాత్రి ఆయన వెన్నెల్లో మైళ్ల దూరం నడుస్తూ సర్వే కర్రలన్నీ పీకేస్తాడు. సర్వే రాయి పడ్డాక ఏం జరుగుతుందో మన ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఆ పేజీలు మనకు దగ్గరగా అనిపిస్తాయి.

కానీ ఆ ఏకాంతం ఎక్కడినుంచి వచ్చింది? అది యూట్ ప్రజలు తిరిగిన నేల. వాళ్లు చెక్కిన గుర్రపు రౌతుల బొమ్మలు ఆ పార్కు బండల మీద ఇప్పటికీ ఉన్నాయి. రాతిచిత్రాల గురించి యాబీ గౌరవంగానే రాస్తాడు. నవాహోల కష్టాల గురించి రాసినప్పుడు మాత్రం జనాభా పెరుగుదలే పెద్ద కారణమంటాడు. ఆయన పుస్తకంలో ఆదివాసి రాతి మీద బొమ్మగా, పేదరికం లెక్కలో అంకెగా కనిపిస్తాడు. ఆ నేల గురించి నిర్ణయం చేసే మనిషిగా కనిపించడు.

రోడ్డు మాట కూడా అంతే. యాబీ ఎడారిలో పురిటి నొప్పులు పడే ఆడమనిషి లేదు. గర్భిణిని డోలీలో కొండ దించే మన ఊళ్లలో రోడ్డే వద్దని ఎవరంటారు? రోడ్డు ఎవరి కోసం, ఎవరిని అడిగి వేస్తున్నారన్నదే మన ప్రశ్న. ఒంటరిగా కర్రలు పీకిన మనిషికి ఆ ప్రశ్న రాలేదు.

ఈ లోటు పుస్తకంతో ఆగలేదు. అదే యూటాలో రీకాప్చర్ అనే లోయ ఉంది. ప్యూబ్లో ప్రజల పూర్వీకుల ఇళ్ల శిథిలాలు దెబ్బతింటున్నాయని 2007లో అక్కడ మోటారు బండ్లను ఆపారు. 2014 మే నెలలో ఒక కౌంటీ కమిషనరు ముందు నడవగా కొందరు నాలుగు చక్రాల బండ్లేసుకుని నిషేధం ధిక్కరించి వెళ్లారు. ఆయనకు పది రోజుల జైలు పడింది, 2020లో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. ఇలాంటి తగాదాల్లో బండ్లవాళ్లు 'ఇది ప్రజల భూమి, మా దారి మూయొద్దు' అంటారు. ముసలివాళ్లు, వికలాంగులు నడిచి ఎలా రాగలరని కూడా అడుగుతారు. ఆ మాటను కొట్టిపారేయలేం. ఎదుటివాళ్లు 'ఇది ప్రకృతిది, ముట్టుకోవద్దు' అంటారు. ఎవరి తాతముత్తాతలు అక్కడ పడుకుని ఉన్నారో ఈ రెండు మాటల్లోనూ లేదు.

ఆ మాట చెప్పింది ఆదివాసులే. హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు కలిసి బేర్స్ ఇయర్స్ ప్రాంతాన్ని కాపాడమని అడిగాయి. 2016 డిసెంబరులో ఒబామా సుమారు 13.5 లక్షల ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. మోటారు బండ్లు గుర్తించిన దారుల్లోనే తిరగాలి. తెగలవాళ్లు మందుమొక్కలు, కట్టెలు తెచ్చుకోవచ్చు. 2017లో ట్రంప్ దాన్ని సుమారు 85 శాతం కోసేశాడు. 2021లో బైడెన్ తిరిగి నిలబెట్టాడు. 2022లో ఐదు తెగలూ ప్రభుత్వంతో కలిసి నిర్వహించే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒక అధ్యక్షుడి సంతకంతో వచ్చి, ఇంకొకరి సంతకంతో పోయే రక్షణ ఎంత బలహీనమో ఈ కథ చెబుతుంది. అయినా దారి ఉండాలా వద్దా అన్న తగాదాను, దారి గురించి ఎవరు చెప్పాలన్న ప్రశ్నగా మార్చింది ఆ తెగలే.

ఇక్కడికి వద్దాం. మేఘాలు చూడ్డానికి వంజంగి కొండకు, చలి కోసం లంబసింగికి వేల మంది వస్తున్నారు. వాళ్లను తీసుకొచ్చే జీపు తోలి బతికే మన పిల్లలూ ఉన్నారు. కాబట్టి బండ్లన్నీ ఆపాలనడం మన వాదన కాదు. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకల్ని నియంత్రించే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. ఏ దారిలో బండి పోవాలో, ఏ గట్టు దగ్గర ఆగాలో, ఏ దేవత చోటికి అసలు రాకూడదో గ్రామసభే తీర్మానం చేయాలి.

ఉపాధ్యాయ మిత్రులు యాబీ జీపు సన్నివేశాన్ని తెలుగులో చెప్పి, పిల్లల్ని ఒకటే అడగండి: ఆ రాత్రి కర్రలు పీకే ముందు ఆయన ఎవరిని అడిగి ఉండాల్సింది? తర్వాత సెక్షన్ 5 చదివించండి.